ఈ టీకా మీకు పడుతుందా? డేటా చూసి ముందే చెప్పడం ఎంతవరకు సాధ్యం

“ఆ మందు నాకు పడదండీ.” డాక్టరు చీటీ రాసేలోపే మనలో చాలామంది చెప్పే మాట ఇది. ఒకరికి పెన్సిలిన్ పడదు, ఒకరికి సల్ఫా పడదు, మా మేనత్తకు వంకాయ పడదు. ఇదివరకు ఒంటికి ఏం జరిగిందో గుర్తుపెట్టుకుని, రేపు ఏం జరగొచ్చో చెప్పడమే ఇది. ఇదే పనిని టీకాల విషయంలో కోట్లమంది వైద్య రికార్డులతో, కంప్యూటర్లతో చేయొచ్చా? సూది వేసే ముందే “మీకు వద్దు, ఆయనకు వేయొచ్చు” అని తేల్చి చెప్పగలమా?

ప్రశ్న ఊరికే పుట్టలేదు. తమ కోవిడ్ టీకా వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావొచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుందన్న వార్త 2024 ఏప్రిల్ చివర్లో మన టీవీల్లో మోగిపోయింది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో కోట్లమంది వేసుకున్నది అదే టీకా. 2025 జులైలో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాలకూ కోవిడ్ టీకాకూ ముడిపెడుతూ మళ్లీ మాటలు నడిచాయి. రెండుసార్లూ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రశ్న ఒకటే: “మనం వేసుకున్నదీ అదే కదా, మనకేమైనా అవుతుందా?” పేపర్లు, డాక్టర్లు ఇచ్చిన జవాబు మాత్రం “పది లక్షల మందిలో ఇంతమందికి” అని. అడిగింది తన గురించి, చెప్పింది జనం గురించి. టెన్షన్ తగ్గకపోవడంలో వింతేముంది?

నిజానికి ఇక్కడ మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ జబ్బు టీకా వల్లే వచ్చిందా? వస్తే ఎంతమందికి వస్తుంది? ఎవరికి వస్తుంది? మొదటి రెండిటికీ జవాబు చెప్పే పద్ధతులు ఇప్పటికి బాగానే పదునెక్కాయి. మూడోది ఇంకా చాలాచోట్ల మొండికేస్తోంది. ఎందుకో చూద్దాం.

‘తర్వాత’ వేరు, ‘వల్ల’ వేరు

టీకా వేశాక ఒంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ఆరోగ్య శాఖ భాషలో దాన్ని ఏఈఎఫ్‌ఐ అంటారు. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు రోజూ వాడే పొట్టి పేరు ఇది. టీకా తర్వాత జరిగింది అనే దాని అర్థం. టీకా వల్ల జరిగిందని కాదు. చెయ్యి వాచినా, జ్వరం వచ్చినా, మూడో రోజు బైక్ మీంచి పడినా కాగితం మీద మొదట అన్నీ ఒకటే. ఆ తర్వాత నిపుణుల కమిటీ కూర్చుని ఒక్కో కేసునూ విడదీస్తుంది. టీకాలోని పదార్థమే కారణమా? తయారీలో లోపమా? వేయడంలో పొరపాటా? సూది భయంతో కళ్లు తిరగడమా? లేక టీకాతో సంబంధం లేకుండా అదే సమయానికి వచ్చిన జబ్బా?

ఈ విడదీత ఎంత ముఖ్యమో హైదరాబాద్ ఒకసారి చేదుగా నేర్చుకుంది. 2019 మార్చిలో నగరంలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా వేశారు. ఇంటికెళ్లాక జ్వరం వస్తే వేయమని మాత్రలిచ్చారు. అవి పారాసెటమాల్ కాదు, పెద్దలకు తీవ్రమైన నొప్పులకు వాడే ట్రమడాల్. పిల్లలు మత్తులోకి జారిపోయి ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. ఇప్పుడు ఒక కంప్యూటర్‌కు ఆ పిల్లల రికార్డుల్లో రెండే ముక్కలు ఇచ్చామనుకోండి: ‘పెంటావాలెంట్ టీకా వేశారు’, ‘ఊపిరి మందగించింది’. అది నేర్చుకునే పాఠం ఏమిటి? టీకా వేస్తే ఊపిరి మందగిస్తుందని. మాత్రల సంగతి ఆ వరుసలో లేదు కాబట్టి దానికి తెలియదు. డేటా పెద్దదైతే తప్పు దానంతటదే పోదు, తప్పు కూడా పెద్దదవుతుంది.

ఏమీ జరగకపోయినా జరిగేవి ఎన్ని?

ఒక లెక్క వేద్దాం. ఒక నగరంలో నడివయసు దాటినవాళ్లు 10 లక్షల మంది ఉన్నారనుకుందాం. టీకా ఊసే లేని ఏడాదిలో వాళ్లలో 3,650 మందికి గుండెపోటు వస్తుందనుకుందాం, అంటే రోజుకు 10. ఇప్పుడు అందరికీ టీకా వేశారు. టీకా వేసుకున్న వారం లోపల ఎంతమందికి గుండెపోటు రావాలి? టీకా వట్టి ఉప్పునీరే అయినా 70 మందికి వస్తుంది. ఆ 70 కుటుంబాలకూ అది ‘టీకా వేసుకున్న వారంలోపే’. అబద్ధం చెప్పేవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. చూడాల్సింది 70 వచ్చాయా, 110 వచ్చాయా అన్నది.

ఈ ‘మామూలుగా ఎన్ని’ అన్న అంకె చేతిలో లేకపోతే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్‌తో కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో మొత్తం ఆపేశారు. విచారణలో బయటపడిన కారణాల్లో పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు తాగడం, మలేరియా ఉన్నాయి. మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చనే కమిటీ తేల్చింది. అక్కడితో అయిపోతే బాగుండేది. హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారనీ, దుష్ఫలితాలను కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు సరిగా లేదనీ తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా తప్పు చేసిందని చెప్పడానికి ఆధారం లేదు. చేయలేదని ఆ తల్లిదండ్రులకు నమ్మకం కలిగేలా చూపించడానికీ ముందునుంచి రాసిపెట్టిన లెక్కలు లేవు. ఖమ్మంలో హెచ్‌పీవీ పేరెత్తితే నేటికీ ఆ అనుమానం తలెత్తుతుందంటే దాని వేరు ఇక్కడే ఉంది.

కోవిడ్ తర్వాత హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం ఈ లోటును ఇంకోలా పూడ్చింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి దాకా, 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉండి అప్పటిదాకా ఆరోగ్యంగానే కనిపించి హఠాత్తుగా చనిపోయిన 729 మందిని తీసుకున్నారు. అదే వయసు, అదే ప్రాంతంలో బతికున్న 2,916 మందితో పోల్చారు. టీకా హఠాన్మరణం ముప్పును పెంచినట్టు కనిపించలేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ముప్పు తక్కువగా ఉంది. ముప్పుతో ముడిపడి కనిపించినవి వేరే: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో ఇదివరకే ఇలాంటి మరణం జరిగి ఉండటం, చివరి 48 గంటల్లో మితిమీరి తాగడం, తీవ్ర వ్యాయామం చేయడం. ఇలాంటి అధ్యయనాలకు పరిమితులుంటాయి. చనిపోయినవారి వివరాలు ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని చెప్పినవే, పోస్టుమార్టం జరిగినవి కొన్నే. అయినా హాసన్ గొడవలో ‘మా ఎదురింటాయన’ అన్న సాక్ష్యం కంటే ఇది ఎన్నో రెట్లు గట్టిది.

బిడ్డను ఆ బిడ్డతోనే పోల్చడం

ఎంతమందికి వస్తుంది అన్న రెండో ప్రశ్నలో నాకు బాగా నచ్చిన కథ రోటావైరస్ టీకాది. విరేచనాలతో పసిపిల్లల ప్రాణాలు తీసే వైరస్ ఇది. 1998లో అమెరికాలో రోటాషీల్డ్ అనే టీకా వచ్చింది. ఏడాది తిరగకముందే, ఎవరైనా ఫిర్యాదు పంపగలిగే వేర్స్ అనే వ్యవస్థకు ఒకే రకం కేసులు పదిహేను చేరాయి. పేగులో ఒక ముక్క పక్క ముక్కలోకి దూరిపోయి అడ్డుపడటం. లెక్క తీస్తే సుమారు 10 వేల మంది పిల్లల్లో ఒకరికి అలా జరుగుతోందని తేలింది. 1999 అక్టోబరులో టీకాను వెనక్కి తీసుకున్నారు. పదిహేను కాగితాలు దారి చూపాయి, కానీ అవి లెక్క చెప్పలేవు. ఎంతమంది వేసుకుంటే ఆ పదిహేను వచ్చాయో వాటిలో ఉండదు. లెక్క కోసం టీకా రికార్డూ ఆసుపత్రి రికార్డూ ఒకే మనిషి పేరు మీద కలిసి ఉన్న డేటా కావాలి.

హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ను 2016లో దేశంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాత భయం గుర్తుంది కాబట్టి 27 ఆసుపత్రుల్లో, పేగు అలా చిక్కుకుని వచ్చిన పసిపిల్లలందరినీ నమోదు చేశారు. తర్వాత వాడిన లెక్క ముచ్చటైనది. టీకా వేసుకున్న పిల్లలను వేసుకోని పిల్లలతో పోలిస్తే చిక్కు ఉంది. వేయించుకోనివాళ్ల ఇల్లు వేరు, తిండి వేరు, ఆసుపత్రికి దూరం వేరు. అందుకని బిడ్డను ఆ బిడ్డతోనే పోల్చారు. డోసు వేసిన మొదటి మూడు వారాలు ఒక కిటికీ, మిగతా నెలలు ఇంకో కిటికీ. టీకాయే కారణమైతే కేసులు మొదటి కిటికీలో గుమిగూడాలి. గుమిగూడలేదు. 2020లో వెలువడిన ఆ ఫలితం రోటావాక్‌తో ఈ ముప్పు పెరగలేదని చెప్పింది. ఇల్లు, తిండి, జన్యువులు రెండు కిటికీల్లోనూ ఒకటే కాబట్టి వాటి గోల లేదు. ఈ పద్ధతికి గణిత రూపం ఇచ్చింది 1995లో ప్యాడీ ఫారింగ్టన్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త.

కోవిషీల్డ్ గడ్డల జబ్బు దగ్గర మన అంకెలు కాస్త అనుమానంగా చూడాల్సినవే. 2021 మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క 10 లక్షల డోసులకు 0.61 కేసులు. బ్రిటన్‌లో 4, జర్మనీలో 10 అని అదే ప్రకటనలో ఉంది. దక్షిణాసియా వాళ్లలో రక్తం గడ్డకట్టే స్వభావం తక్కువని శాఖ కారణం చెప్పింది. అందులో కొంత నిజం ఉండొచ్చు. అయితే అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది: 753 జిల్లాల్లో ఏదో ఒక ఇబ్బంది నమోదైనవి 684. మిగతా 69 జిల్లాల్లో టీకా తర్వాత ఒక్కరికీ ఏమీ కాలేదా, లేక ఎవరూ రాయలేదా?

అరుదైన దాన్ని ముందే పట్టుకోవడంలో ఉన్న లెక్క

ఇక అసలు ప్రశ్న. ఎవరికి?

ఒక టీకా లక్షమందిలో ఒకరికి ప్రమాదం తెస్తుందనుకుందాం. మీ వయసు, షుగర్, బీపీ, పాత జబ్బులు, రక్త పరీక్షలు అన్నీ చూసి “ఈయనకు ప్రమాదం” అని చెప్పే గొప్ప ప్రోగ్రామ్ ఒకటి వచ్చిందనుకుందాం. ప్రమాదం రాబోయే పదిమందిలో తొమ్మిది మందిని పట్టేస్తుంది. ప్రమాదం లేనివాళ్లలో నూటికి ఒకరి విషయంలోనే పొరబడుతుంది. వినడానికి అద్భుతంగా ఉంది.

10 లక్షల మందికి వాడి చూద్దాం. నిజంగా ప్రమాదం ఉన్నవాళ్లు 10 మంది, అందులో తొమ్మిది మందిని పట్టుకుంది. మిగిలిన 9,99,990 మందిలో నూటికి ఒకరు అంటే దాదాపు 10 వేల మంది. వాళ్లకూ ఎర్రజెండా చూపింది. మొత్తం జెండా పడింది సుమారు 10,009 మందికి. అందులో నిజమైనవి తొమ్మిది. అంటే ఆ ప్రోగ్రామ్ “మీకు ప్రమాదం” అని చెప్పిన 1,100 మందిలో ఒకరికి అది నిజం. పొరపాటును నూటికి ఒకటి నుంచి వెయ్యికి ఒకటికి తగ్గించినా, జెండా పడిన 112 మందిలో ఒకరికే నిజం. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. అరుదైన దేన్ని వెతికినా లెక్క ఇలాగే తిరుగుతుంది.

ఆ 10 వేల మంది ఏం చేయాలి? ఇక్కడే అంతా తేలేది. వేరే టీకా ఏదీ లేదు, బయట జబ్బు మంటలా ఉంది, టీకా లేకుంటే 500 మందిలో ఒకరు ఆ జబ్బుతో పోతారు అనుకుందాం. జెండా చూసి టీకా మానేసిన 10 వేల మందిలో 20 మంది పోతారు, తొమ్మిది మందికి దుష్ఫలితం తప్పుతుంది. అదే షెల్ఫులో ఇంకో టీకా సిద్ధంగా ఉంటే? పది వేల మందినీ దాని వైపు పంపితే పోయేదేమీ లేదు, తొమ్మిది మంది బయటపడతారు. ప్రోగ్రామ్ అదే, తప్పులూ అవే. మొదటి చోట హాని చేసింది, రెండో చోట మేలు చేసింది. “దీని కచ్చితత్వం 99 శాతం” అన్న ప్రకటన చూసినప్పుడల్లా నాకు ముందు తట్టే ప్రశ్న: జెండా పడ్డవాళ్లకు ఇంకో దారి ఉందా?

2021లో బ్రిటన్ చేసింది అక్షరాలా ఇదే, కంప్యూటర్ లేకుండా. గడ్డల జబ్బు చిన్న వయసువాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించింది. ఏప్రిల్‌లో 30 ఏళ్లలోపు, మే నెలలో 40 ఏళ్లలోపు వాళ్లకు వీలైతే వేరే టీకా ఇవ్వమన్నారు. వాళ్ల దగ్గర ఫైజర్ ఉంది, కోవిడ్ కేసులు తగ్గి ఉన్నాయి. అదే ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం పరుగులు పెడుతున్నారు. ముప్పు ఒకటే అయినా తూకం ఒకటి కాదు.

ఇంకో చిక్కు నేర్చుకోవడంలో ఉంది. కంప్యూటర్‌కు పోలిక దొరకాలంటే ఉదాహరణలు కావాలి. అరుదైన జబ్బులో ఉండేవి పదులే. ఒక్కో రోగి గురించి మనం ఇచ్చేది వందల వివరాలు. అలాంటప్పుడు కాకతాళీయం కూడా సూత్రంలా కనబడుతుంది. పదిమంది రోగుల్లో నలుగురి పేర్లు ‘శ్రీ’తో మొదలైతే, మెషిన్‌కు అదీ ఒక లక్షణమే.

ఒక్క ప్రశ్నతో పని జరిగిన చోట్లు

మరి ముందే చెప్పడం ఎక్కడా కుదరలేదా? కుదిరింది. కుదిరిన చోట్ల చూస్తే భారీ కంప్యూటర్లు కనబడవు, సరైన ప్రశ్న ఒకటి కనబడుతుంది.

డెంగ్యూ టీకా డెంగ్వాక్సియా సంగతి తీసుకోండి. 2016లో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా బడిపిల్లలకు వేశారు. 2017 నవంబరులో తయారీ సంస్థ సనోఫీ ఒక విషయం బయటపెట్టింది: ఇదివరకు డెంగ్యూ సోకినవాళ్లకు ఈ టీకా రక్షణ ఇస్తుంది, ఎప్పుడూ సోకనివాళ్లకు వేస్తే తర్వాత డెంగ్యూ వచ్చినప్పుడు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుంది. డెంగ్యూ ఎక్కువగా తీవ్రమయ్యేది రెండోసారి సోకినప్పుడే. టీకానే మొదటి డెంగ్యూలా పనిచేసి, అసలు డెంగ్యూ రెండోసారి వచ్చినంత పని చేస్తుందన్నమాట. పరీక్షల దశలో టీకాకు ముందు రక్తం తీసినవాళ్లు కొద్దిమందే కావడంతో ఇది మొదట్లో తేటతెల్లం కాలేదు. తర్వాత దాచి ఉంచిన నమూనాల మీద కొత్తరకం పరీక్ష చేసి తేల్చారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముందు రక్త పరీక్ష చేసి, డెంగ్యూ వచ్చిపోయినవాళ్లకే వేయడం మంచిదని చెప్పింది. ‘మీకు ఇదివరకు డెంగ్యూ వచ్చిందా?’ అన్న ఒక్క డేటా. అది ఆలస్యంగా దొరికిన ఫలితం టీకాలన్నిటి మీదా పడింది. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవాళ్లు ఫిలిప్పీన్స్‌లో 2015లో 93 శాతం ఉంటే, 2018 సర్వేలో 32 శాతానికి పడిపోయారు.

రెండో ఉదాహరణ మనకు దగ్గరిది. క్షయ రాకుండా పుట్టగానే వేసే బీసీజీ టీకాలో బలహీనపరిచిన బతికున్న క్రిములుంటాయి. మామూలు బిడ్డకు భుజం మీద చిన్న మచ్చతో పోతుంది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి దాదాపు లేని బిడ్డకు అవే క్రిములు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తాయి. ఇది చాలా అరుదు. కానీ మేనరికాలు ఎక్కువున్న చోట ఇలాంటి వంశపారంపర్య జబ్బులకు అవకాశం పెరుగుతుంది, తెలుగు రాష్ట్రాల్లో మేనరికం కొత్తేమీ కాదు. “అంతకు ముందు పుట్టిన పిల్లలెవరైనా పసితనంలోనే మాటిమాటికీ ఇన్ఫెక్షన్లొచ్చి పోయారా అమ్మా?” అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ ఖరీదైన ప్రోగ్రామ్‌తో సమానం. ఇంగ్లండ్ ఇంకో అడుగు వేసింది. మడమ దగ్గర తీసే రక్తపు చుక్కతో ఈ జబ్బును పట్టే పరీక్ష మొదలుపెట్టి, 2021 సెప్టెంబరు నుంచి బీసీజీని నాలుగు వారాలు వెనక్కి జరిపింది, పరీక్ష ఫలితం చేతికొచ్చాకే సూది వేసేలా. అక్కడ క్షయ తక్కువ కాబట్టి ఆ నాలుగు వారాలు ఆగగలిగారు. ప్రసవమై రెండు రోజుల్లో ఊరెళ్లిపోయే తల్లి, చుట్టూ క్షయ ఉన్న మన దగ్గర ఆ లెక్క అంత సులువు కాదు.

ప్రశ్న ఉన్నా, అది సరైనదే అయినా సరిపోని చోటు కూడా ఒకటుంది. 2009 స్వైన్‌ఫ్లూ సమయంలో ఐరోపాలో వాడిన పాండెమ్రిక్స్ టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్ పిల్లల్లో నార్కోలెప్సీ కేసులు పెరిగాయి. పగలు ఉన్నట్టుండి ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు అది. ఫిన్లాండ్‌లో 4 నుంచి 19 ఏళ్ల మధ్య వేసుకున్నవాళ్లలో సుమారు 16 వేల మందికి ఒకరు. జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువు ఒకే రకంది ఉంది. ఇంకేం, దొరికేసిందనిపిస్తుంది. కానీ ఆ జన్యువు అక్కడి జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి మామూలుగానే ఉంటుంది. లెక్క వేయండి: 16 వేల మంది పిల్లల్లో జన్యువున్నవాళ్లు 4 వేలు, జబ్బు ఒకరికి. జన్యువు లేదంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఉందంటే, 3,999 మందికి ఏమీ కాదు. నాలుగో వంతు పిల్లలను పక్కన పెట్టాలా? మరో ఫ్లూ టీకా ఉంటే పెట్టొచ్చేమో.

అతిజాగ్రత్త ఎలా తిరగబడుతుందో 2020 డిసెంబరు చెబుతుంది. ఫైజర్ టీకా మొదలైన తొలిరోజే బ్రిటన్‌లో ఇద్దరు ఆరోగ్య సిబ్బందికి తీవ్ర ఎలర్జీ వచ్చింది. ఇద్దరికీ పాత ఎలర్జీలున్నాయి. వెంటనే తీవ్ర ఎలర్జీ చరిత్ర ఉన్నవాళ్లెవరూ వేసుకోవద్దన్నారు. వేరుశనగ పడనివాళ్లు, రొయ్యలు పడనివాళ్లు అందరూ ఆ గాటన పడిపోయారు. నెల తిరగకముందే డేటా చూసి సడలించారు: టీకాలోని పదార్థాలు పడనివాళ్లు మాత్రమే మానుకోవాలి, మిగతావాళ్లు వేసుకోవచ్చు.

మెషిన్ మీద ఆశ, మెషిన్ మీద అనుమానం

డేటా సైంటిస్టుల వాదన తీసిపారేసేది కాదు. ఇప్పటిదాకా చూసినవి చిన్న, చెల్లాచెదురు రికార్డులని, కోట్లమంది పూర్తి వైద్య చరిత్ర, జన్యు సమాచారం ఒకచోట చేరితే చిత్రం మారుతుందని వాళ్లంటారు. దానికి ఆధారాలున్నాయి. ఇజ్రాయెల్‌లో క్లాలిట్ అనే బీమా సంస్థ దగ్గర దేశంలో సగానికి పైగా జనం రికార్డులున్నాయి. 2021లోనే వాటితో ఫైజర్ టీకా వల్ల గుండె కండరం వాపు లక్షకు సుమారు 3 కేసులు పెరుగుతోందని, కోవిడ్ సోకితే 11 పెరుగుతోందని రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఈ ముప్పు ముఖ్యంగా కుర్రవాళ్లకు, రెండో డోసు తర్వాత అని తేలింది. అమెరికాలో కాలేజీకెళ్లే కొడుకున్న తెలుగు తల్లికి ‘లక్షకు ఇంత’ కంటే ఇది ఎక్కువ పనికొచ్చే మాట. జ్వరం, ఒళ్లు నొప్పుల్లాంటి మామూలు ఇబ్బందులను ముందే చెప్పడం ఇంకా తేలిక, ఎందుకంటే అవి అరుదు కాదు. కాకపోతే వాటిని ముందే చెప్పి సాధించేది ఒక పారాసెటమాల్, ఒకరోజు సెలవు.

ప్రజారోగ్యం వైపువాళ్ల భయం వేరు. ‘మీకు ముప్పు ఎక్కువ’ అని ఫోనుకు మెసేజ్ వచ్చాక, అది 1,100లో ఒకటి అన్న సంగతి ఎవరు చదువుతారు? ఒకరికొచ్చిన మెసేజ్ చూసి వీధంతా మానేస్తుంది. అయితే “జనం కంగారు పడతారు, చెప్పొద్దు” అన్న ధోరణి కూడా ఎక్కడికి దారితీస్తుందో ఖమ్మం, ఫిలిప్పీన్స్ రెండూ చూపించాయి. ఈ విషయంలో నాకు ఏ పక్షమూ పూర్తిగా ఎక్కదు.

మధ్యలో ఒక దారి ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. ముందే చెప్పలేకపోయినా, మొదలవగానే పట్టుకోవడం. గడ్డల జబ్బు టీకా వేసిన 4 నుంచి 42 రోజుల్లోపు వచ్చేది, ఏళ్ల తర్వాత కాదు. 2021 మార్చిలో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఆండ్రియాస్ గ్రైనాఖర్ బృందం దాని వెనకున్న యాంటీబాడీని వారాల్లో కనిపెట్టింది. టీకా వేసుకున్నాక వదలని తలనొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోవడం కలిసి కనిపిస్తే అనుమానించాలని, మామూలుగా గడ్డలకిచ్చే హెపారిన్ జోలికి పోవద్దని డాక్టర్లకు కబురందింది. ఎవరికి వస్తుందో ఎవరూ ముందే చెప్పలేదు. వచ్చినవాళ్లలో బతికేవాళ్లు పెరిగారు.

మన రికార్డులు ఒకదానికొకటి తెలుసా?

ఇన్ని చెప్పుకున్నాక మన దగ్గర ఏముందో చూడాలి. కోవిన్‌లో 220 కోట్ల డోసుల లెక్క ఉంది. ఒక ఫోను నంబరు మీద మొదట నలుగురిని, తర్వాత ఆరుగురిని నమోదు చేసుకోనిచ్చారు. కొడుకు ఫోను మీద అమ్మ, నాన్న, అత్తగారు. పిల్లల టీకాలకు యూ-విన్ వచ్చింది. ఆరోగ్య రికార్డులకు గుర్తింపుగా ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఉంది. 2007 నుంచి ఆరోగ్యశ్రీ డేటా ఉంది కానీ అది ఆసుపత్రిలో చేరినవాళ్లది, ఓపీలో చూపించుకుని మందులు రాయించుకున్న జ్వరం అందులో ఉండదు. వీటన్నిటినీ ఒకే మనిషి పేరు మీద కలపడం మొదలుపెడితే మొదట అడ్డొచ్చేది ఆ పేరే. వెంకటేశ్వర్లు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగు, ఆసుపత్రిలో ‘వి. వెంకట్’. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట వట్టి పొడి అక్షరం. పుట్టిన తేదీ చాలామందికి జనవరి 1 లేదా బడిలో వేసిన జూన్ తేదీ.

కలిపితే గుట్టు సంగతేమిటన్నది రెండో ప్రశ్న. కోవిన్ వివరాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయని 2023 జూన్‌లో వార్తలొచ్చాయి, ప్రభుత్వం కోవిన్ భద్రంగానే ఉందని చెప్పింది. అదే ఏడాది వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఫలానావాళ్లకు ఫలానా జబ్బుందన్న సంగతి పెళ్లి సంబంధాల్లోనూ బీమా ప్రీమియంలోనూ ఎలా తిరుగుతుందో తెలిసిన మనకు ఈ భయం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

నేను రెండో డోసుకు వెళ్లింది ఒక బడిలోకి. బెంచీల మీద అరగంట కూర్చోబెట్టారు. నా పక్కనున్న పెద్దాయన, ఇదివరకు ఏదో ఇంజెక్షన్‌కి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయని నర్సుతో అన్నాడు. ఏ ఇంజెక్షన్ అని ఆమె అడిగింది. ఆయనకు గుర్తులేదు. ఎప్పుడో, మండలంలో ఒక ఆర్‌ఎంపీ దగ్గర. ఆమె కాసేపు ఆలోచించి, ఆయన్ని తన కుర్చీకి దగ్గరగా ఉన్న బెంచీకి మార్చి, అరగంట కాదు గంట కూర్చోమంది. మధ్యమధ్యలో తలెత్తి చూస్తూనే ఉంది. కంప్యూటర్‌లో ఆయన పేరు పక్కన దద్దుర్ల సంగతి రాసే గడి వెతికి, దొరక్క, టీకా కార్డు వెనక పెన్నుతో రాసి ఇచ్చింది.